సైన్‌కు ఎత్తు తెలుసు, వాలు తెలియదు

ఒక తెల్లకాగితం మీద అడ్డంగా పొడవాటి గీత గీసి, ఎడమ కొసన ఏ అని రాయండి. అక్కడ కోణమానిని ఆనించి 30 డిగ్రీల కోణంలో పైకి ఇంకో గీత లాగండి. ఆ ఏటవాలు గీత మీద, ఏ నుంచి సరిగ్గా 8 సెంటీమీటర్ల దూరంలో సి అనే చుక్క పెట్టండి. ఇప్పుడు వృత్తలేఖినిని 5 సెంటీమీటర్ల మేర విప్పి, ముల్లును సి మీద గుచ్చి, కింది గీత దాకా చాపం తిప్పండి. చాపం ఆ గీతను రెండు చోట్ల కోస్తుంది. ఒకటి ఏకి దగ్గరగా, ఒకటి దూరంగా. ఆ రెండింటి మధ్య స్కేలు పెట్టి చూస్తే 6 సెంటీమీటర్లు ఉంటుంది.

ఇచ్చిన కొలతలు మూడే: ఏ దగ్గర కోణం 30 డిగ్రీలు, ఏసీ భుజం 8, బీసీ భుజం 5. చాపం కింది గీతను కోసే చోటే బి. అది ఎక్కడుంది అంటే చాపం రెండు చోట్లు చూపిస్తోంది. రెండు చోట్లా మూడు కొలతలూ పొల్లుపోకుండా సరిపోతున్నాయి. కానీ ఒక త్రిభుజంలో ఏబీ పొడవు 9.93 సెంటీమీటర్లు, ఇంకోదానిలో 3.93. ఒకదాని వైశాల్యం 19.86 చదరపు సెంటీమీటర్లు, రెండోదానిది 7.86. ఇవే పొలం కొలతలైతే, ఒక త్రిభుజం బదులు ఇంకోటి కాగితానికి ఎక్కిందంటే సగం కంటే ఎక్కువ నేల లెక్కలోంచి జారిపోయినట్టే.

రెండు భుజాలు, వాటి మధ్య లేని ఒక కోణం ఇచ్చినప్పుడు త్రిభుజం ఒక్కటిగా తేలకపోవడాన్ని త్రికోణమితిలో సందిగ్ధ సందర్భం అంటారు. నోట్సుల్లో ఇది సాధారణంగా నాలుగైదు గళ్ల పట్టికగా కనిపిస్తుంది: ఇది ఇంతకంటే తక్కువైతే త్రిభుజం లేదు, సమానమైతే ఒకటి, మధ్యలో ఉంటే రెండు. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, పరీక్ష అయిపోగానే అది చెరిగిపోతుంది. అంత కష్టపడి గుర్తుపెట్టుకోవాల్సింది అందులో నిజానికి ఏమీ లేదు. పైన గీసిన బొమ్మలో వృత్తలేఖిని వెడల్పును కాస్త అటూఇటూ మారిస్తే పట్టికలోని ప్రతి గడీ దానంతట అదే బయటపడుతుంది. అసలు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. రెండు జవాబులు రావడం సూత్రంలోని లోపమూ కాదు, లెక్క చేసేవాడి పొరపాటూ కాదు. ఇచ్చిన సమాచారం రెండు త్రిభుజాలకూ నిజంగా సొంతమే.

ముందు లెక్క చూద్దాం. సైన్ సూత్రం ప్రకారం ఏ భుజాన్నైనా దాని ఎదుటి కోణపు సైన్‌తో భాగిస్తే మూడు జతలకూ ఒకే విలువ రావాలి. ఏకి ఎదురుగా ఉన్నది 5. దాన్ని సైన్ 30°తో, అంటే 0.5తో భాగిస్తే 10. కాబట్టి బికి ఎదురుగా ఉన్న 8ని సైన్ బితో భాగించినా 10 రావాలి. అంటే సైన్ బి విలువ 0.8. కాలిక్యులేటర్‌లో సైన్ ఇన్వర్స్ నొక్కితే 53.13 డిగ్రీలని చూపిస్తుంది. అక్కడే ఆగితే సి దగ్గర కోణం 96.87, ఏబీ 9.93 వస్తాయి. చేసినంతవరకు తప్పేం లేదు, కానీ అది సగం లెక్క. 180లోంచి 53.13 తీసేస్తే వచ్చే 126.87 డిగ్రీల సైన్ కూడా 0.8 గనక ఆ కోణాన్నీ పరీక్షించి చూడాలి. దానికి 30 కలిపితే 156.87 అవుతుంది. 180కి ఇంకా 23.13 డిగ్రీలు మిగిలాయి కాబట్టి మూడో కోణానికి చోటుంది. ఏబీ 3.93 అయ్యే చిన్న త్రిభుజం అదే.

మధ్యలో వచ్చిన ఆ 10 దగ్గర ఒక్క క్షణం ఆగడం మంచిది. త్రిభుజం మూడు శీర్షాల గుండా పోయే వృత్తం, అంటే పరివృత్తం వ్యాసం అది. రెండు త్రిభుజాలకూ అది 10 సెంటీమీటర్లే. వైశాల్యంలో ఒకటి ఇంకోదానికి రెండున్నర రెట్లున్నా, రెండూ ఒకే సైజు వృత్తంలో ఇముడుతాయి. వాటిని వేరు చేయడం సైన్ సూత్రం వల్ల ఎందుకు కాదో ఇక్కడే తెలిసిపోతుంది. ఆ సూత్రం చూసేది పరివృత్తాన్ని, అది ఇద్దరికీ ఒకటే.

ఇంకాస్త దగ్గరగా చూడాలంటే సి నుంచి కింది గీతకు లంబం దించండి. దాని పొడవు 8 × 0.5, అంటే 4. ఇప్పుడు బీసీని 5 అడుగుల నిచ్చెన అనుకోండి. దాని తల నేలకు 4 అడుగుల ఎత్తున ఉంది. కాలును లంబానికి 3 అడుగులు ఎడమగా పెట్టొచ్చు, 3 అడుగులు కుడిగానూ పెట్టొచ్చు. ఎటు పెట్టినా తల ఎత్తు మారదు. సైన్ బి అంటే ఆ ఎత్తును నిచ్చెన పొడవుతో భాగించగా వచ్చేది, నాలుగు బై అయిదు. నిచ్చెన ఎంత ఎత్తుకు అందిందో సైన్ కచ్చితంగా చెబుతుంది. ఎటు వాలిందో దానికి తెలియదు. ఆ సంగతి చెప్పాల్సింది కొసైన్, అంటే కాలు పక్కకు జరిగిన దూరాన్ని వైపుతో సహా నిచ్చెన పొడవుతో భాగించగా వచ్చేది: ఒక త్రిభుజంలో అది 0.6, రెండోదానిలో మైనస్ 0.6. సున్నా నుంచి 180 డిగ్రీల వరకు కోణం పెరుగుతున్న కొద్దీ కొసైన్ 1 నుంచి మైనస్ 1 దాకా దిగుతూనే పోతుంది, ఒక్క విలువ కూడా రెండోసారి రాదు. సైన్ మాత్రం 90 దాకా ఎక్కి, ఎక్కిన దారినే దిగుతుంది.

ఈ స్వభావం సైన్‌కు పుట్టుకతోనే ఉంది. భారతీయ ఖగోళ గణితంలో వృత్తంలోని వంపు ముక్కను చాపం అన్నారు, అంటే విల్లు. దాని రెండు కొసలను కలిపే గీత జ్యా, అంటే అల్లెతాడు. లెక్కల్లో వాడింది అందులో సగం, అర్ధజ్యా. వాడుకలో అది కూడా జ్యా అనే నిలిచిపోయింది. దానికే జీవా అని ఇంకో పేరు. అది అరబ్బీలో జీబా అయింది. అచ్చులు లేకుండా రాసిన ఆ మాటను తర్వాతివాళ్లు వంపు, మడత అనే అర్థమున్న జైబ్‌గా చదివారు. లాటిన్‌లో దాని అనువాదం సైనస్, నేటి సైన్. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 24 జ్యా విలువలకు కావాల్సిన భేదాలు, అంటే ఒక్కో విలువకూ దాని ముందుదానికీ ఉన్న తేడాలు ఉన్నాయి: 225, 224, 222, 219, 215, 210, 205, 199 అంటూ సాగుతాయి. ఈ మొదటి ఎనిమిదీ కూడితే 1719. వ్యాసార్ధంగా తీసుకున్నది 3438 కాబట్టి అది సరిగ్గా సగం, అంటే సైన్ 30°. ఒక్కో మెట్టు 3 డిగ్రీల 45 నిమిషాలు. ఇరవై నాలుగు మెట్లెక్కితే 90 డిగ్రీలు, పట్టిక అక్కడితో ముగుస్తుంది. ఆ పైన రాయాల్సిన పని లేదు, అవే విలువలు వెనక్కి వస్తాయి. పట్టిక వాడినవాళ్లకు ఈ సంగతి తెలుసు. జ్యా తెలిసి చాపం వెతుక్కునేటప్పుడు పట్టిక ఇచ్చేది రెండు చాపాల్లో చిన్నదాన్నే అని గుర్తుంచుకోవాల్సిందే. పదిహేను వందల ఏళ్ల తర్వాత కాలిక్యులేటర్ చేస్తున్నదీ అదే పని. ఇంటర్ విలోమ త్రికోణమితీయ ప్రమేయాల పాఠంలో సైన్ ఇన్వర్స్ వ్యాప్తిని మైనస్ 90 నుంచి 90 డిగ్రీలకు కుదిస్తారు. ప్రమేయం అనిపించుకోవాలంటే ఒకే జవాబు ఉండాలి కాబట్టి ఆ కుదింపు తప్పదు. త్రిభుజ ధర్మాల పాఠానికి వచ్చేసరికి ఆ కుదింపును తీసేసి చూడాలని మాత్రం ఎవరో చెబితే తప్ప తట్టదు.

ఇక వృత్తలేఖిని వెడల్పు మార్చి చూద్దాం. కోణం 30, ఏసీ 8 అలాగే ఉంచి, బీసీని మాత్రం కదపాలి. మూడు సెంటీమీటర్లు పెడితే చాపం గీతకు అందదు, ఎత్తే 4 ఉంది కదా. త్రిభుజమే లేదు. సైన్ సూత్రంలో సైన్ బి 1.33 అని వస్తుంది, కాలిక్యులేటర్ ఎర్రర్ అంటుంది. సరిగ్గా 4 పెడితే చాపం గీతను ఒక్కచోట ముట్టి వెళుతుంది. బి దగ్గర లంబకోణం, త్రిభుజం ఒకటే. నాలుగు దాటగానే ఆ స్పర్శబిందువు రెండుగా చీలి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి జరుగుతాయి. వెడల్పు పెంచేకొద్దీ ఎడమది ఏ వైపు పాకుతుంది. సరిగ్గా 8 దగ్గర ఏతో కలిసిపోతుంది, చిన్న త్రిభుజం నలిగి గీతగా మారిపోతుంది. మిగిలేది ఒక సమద్విబాహు త్రిభుజం. ఎనిమిది దాటితే ఎడమ బిందువు ఏ అవతలికి, గీతను వెనక్కి పొడిగించినచోటికి వెళ్లిపోతుంది. అక్కడ ఏర్పడే త్రిభుజంలో ఏ దగ్గర కోణం 30 కాదు, 150. మనకిచ్చిన షరతు అది కాదు గనక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పట్టికలో ఉన్నదంతా ఇంతే. ఒక చాపం విచ్చుకుంటూ పోతున్నప్పుడు ఏం జరుగుతుందో చెప్పడమే.

ఏ దగ్గర అధికకోణం ఇస్తే బొమ్మ ఇంకా సులువు. అప్పుడు లంబం పాదం ఏకి వెనకవైపు పడుతుంది. చాపం గీతను కోసే రెండు చోట్లలో ఎడమది ఎప్పుడూ వెనకే ఉంటుంది. కుడిది ఏని దాటి ముందుకు రావాలంటే బీసీ ఏసీ కంటే పెద్దది కావాలి. అయితే త్రిభుజం ఒకటి, కాకపోతే అసలు లేదు. సందిగ్ధానికి తావే లేదు.

బొమ్మలో కనిపించినదాన్నే బీజగణితంలో చూడాలంటే సైన్ సూత్రాన్ని పక్కనపెట్టి కొసైన్ సూత్రం పట్టుకోవడం మేలు. ఈ రెండో దారిని బడుల్లో తక్కువగా చూపిస్తారు, నిజానికి మొదట చూపించాల్సింది ఇదే. తెలియని ఏబీ పొడవును యక్స్ అనుకుంటే, బీసీ వర్గం ఇలా వస్తుంది: 25 = 64 + యక్స్ వర్గం − 2 × 8 × యక్స్ × కొసైన్ 30°. సర్దితే యక్స్‌లో ఒక వర్గ సమీకరణం. దాని మూలాల మొత్తం 13.86, లబ్ధం 64 − 25, అంటే 39. మూలాలు 6.93 ± 3. పదో తరగతి నుంచి తెలిసిన విచక్షణి, అంటే మూలాల సూత్రంలో వర్గమూలం కింద ఉండే సంఖ్య, ఇక్కడ పనికొస్తుంది: అది రుణమైతే చాపం అందలేదు, సున్నా అయితే తాకింది, ధనమైతే కోసింది. మూలాల లబ్ధం ఏసీ వర్గంలోంచి బీసీ వర్గం తీసేయగా మిగిలేది. బీసీ పెద్దదైతే లబ్ధం రుణం, కాబట్టి ఒక మూలం ధనం, ఒకటి రుణం, పనికొచ్చే త్రిభుజం ఒక్కటే. బీసీ 10 పెట్టి చూస్తే మూలాలు 16.09, మైనస్ 2.24. ఆ రుణమూలం చెత్త కాదు. పైన చెప్పిన 150 డిగ్రీల త్రిభుజం భుజమే అది, దిశ తిరగబడింది కాబట్టి మైనస్ గుర్తుతో వచ్చింది. ఇన్వర్సులు, 180 నుంచి తీసివేతలు, మళ్లీ మొత్తం సరిచూసుకోవడాలు ఏవీ అక్కర్లేకుండా, ఎన్ని ధన మూలాలుంటే అన్ని త్రిభుజాలు.

ఇక్కడే ఇంకో ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది. సర్వసమానత్వానికి భుజం-కోణం-భుజం చాలు, కోణం-భుజం-కోణం చాలు, మూడు భుజాలు చాలు. భుజం-భుజం-కోణం మాత్రం చాలదంటారు. మరి లంబకోణం-కర్ణం-భుజం నియమం ఎలా చెల్లుతోంది? అదీ రెండు భుజాలు, మధ్యలో లేని ఒక కోణమే కదా. చాలామంది పిల్లలు అడగాలనుకుని అడగని ప్రశ్న ఇది. ఏ దగ్గర లంబకోణం ఉంటే కొసైన్ సున్నా. వర్గ సమీకరణంలో మధ్య పదం మాయమవుతుంది, రెండు మూలాలూ ఒకే సంఖ్యకు ప్లస్, మైనస్ గుర్తులు. అంటే చాపం గీతను ఏకి ఇటు ఎంత దూరంలో కోస్తుందో అటూ అంతే దూరంలో కోస్తుంది. రెండు త్రిభుజాలు వస్తాయి గానీ అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు, కాబట్టి సర్వసమానాలు. కర్ణం నియమం వేరే జాతిది కాదు. సందిగ్ధ సందర్భంలోనే రెండు జవాబులూ ఒకటైపోయే అదృష్టవంతమైన చోటు.

ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ఎలిమెంట్స్ గ్రంథంలో ఈ గుంట ఎక్కడుందో ఎరిగే నడిచాడు. మొదటి భాగంలో 4, 8, 26 ప్రతిపాదనలు మూడు నియమాలనూ ఇస్తాయి, భుజం-భుజం-కోణం ఆ వరసలో లేదు. ఆరో భాగంలో ఏడో ప్రతిపాదన సరూప త్రిభుజాల సందర్భంగా దాన్ని ముడుతుంది. అక్కడ ఒక షరతు పెట్టాడు: మిగిలిన కోణాలు రెండూ లంబకోణం కంటే తక్కువైనా కావాలి, లేదా రెండూ తక్కువ కాకుండానైనా ఉండాలి. మన నిచ్చెన ఎటు వాలిందో ముందే చెప్పమని అడగడమే ఆ షరతు. సైన్ అనే మాట లేని కాలంలో, ఒక్క అంకె వాడకుండా రాసిన వాక్యం అది.

పరీక్షల్లో ఈ సందిగ్ధం దొంగదారిన కూడా వస్తుంది. మూడు భుజాలిచ్చారనుకోండి: 4, 5, 8. ఇందులో సందిగ్ధం ఏమీ లేదు, త్రిభుజం ఒక్కటే. మొదట కొసైన్ సూత్రంతో 4కి ఎదురుగా ఉన్న కోణం కడితే 24.15 డిగ్రీలు వస్తుంది. తర్వాత తొందరలో సైన్ సూత్రానికి మారి 8కి ఎదురుగా ఉన్న కోణం కడితే సైన్ విలువ 0.818, ఇన్వర్స్ 54.9 డిగ్రీలు. మిగిలిన కోణం 100.95. మూడూ కలిపితే 180 వస్తోంది కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ 5కి ఎదురుగా 101 డిగ్రీలు, 8కి ఎదురుగా 55 డిగ్రీలు ఉండే త్రిభుజం లోకంలో ఉండదు. పెద్ద భుజానికి ఎదురుగా పెద్ద కోణం ఉండి తీరాలి. నిజమైన కోణం 125.1. మధ్యలో సైన్ సూత్రానికి మారిన క్షణంలో, లేని సందిగ్ధాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నాం. అన్నిటికంటే పెద్ద భుజానికి ఎదుటి కోణాన్ని మొదటే కొసైన్‌తో తేల్చేస్తే ఈ బెడద ఉండదు. త్రిభుజంలో అధికకోణం ఉంటే అది అక్కడే ఉండాలి, మిగతా రెండూ అల్పకోణాలే కాబట్టి ఆ తర్వాత సైన్‌ను నిశ్చింతగా నమ్మొచ్చు.

నేల కొలిచేవాళ్లు ఈ గొడవను పద్ధతితోనే తప్పించుకున్నారు. 1802లో విలియం లాంబ్టన్ చెన్నై సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచి, మహా త్రికోణమితీయ సర్వేను మొదలుపెట్టాడు. ఒక్క భుజాన్ని ఎంతో శ్రమపడి కొలవడం, అక్కణ్నుంచి గుట్ట మీది నుంచి గుట్ట మీదికి థియోడలైట్‌తో కోణాలు చదవడం, మిగతా భుజాలన్నీ లెక్కతో రాబట్టడం. ఒక భుజం, దాని మీది కోణాలు తెలిస్తే త్రిభుజం ఒక్కటే. మూడో కోణాన్నీ కొలిచి పొరపాటు ఎంతుందో సరిచూసుకునేవారు. సైన్ సూత్రాన్ని అక్కడ కోణం నుంచి భుజానికి మాత్రమే నడిపారు, భుజం నుంచి కోణానికి కాదు. అటునుంచి ఇటు నడిస్తే సైన్‌లో ఏ సందిగ్ధమూ లేదు.

కొలిచే కోణాన్ని, భుజాన్ని ఎంచుకునే వీలు లేని చోట మాత్రం సందిగ్ధం తప్పదు. ఆకాశం అలాంటి చోటు. అక్కడ దీనికి అందమైన ఉదాహరణ శుక్రుడు. భూమి, సూర్యుడు, శుక్రుడు కలిసి ఒక త్రిభుజం. భూమి నుంచి సూర్యుడి దూరాన్ని 1 అనుకుంటే, శుక్రుడి నుంచి సూర్యుడికి దూరం 0.723. శుక్రుడి కక్ష్య దాదాపు వృత్తమే గనక ఈ సంఖ్యను స్థిరంగా తీసుకోవచ్చు. భూమ్మీద నిలబడి మనం కొలవగలిగింది సూర్యుడికీ శుక్రుడికీ మధ్య కనిపించే కోణం. ఒక సాయంత్రం అది 40 డిగ్రీలుందనుకుందాం. రెండు భుజాలు, మధ్యలో లేని కోణం. కాగితం మీద గీసిన బొమ్మే, సి చోట సూర్యుడు, ఏ చోట భూమి, చాపం బదులు శుక్రుడి కక్ష్య.

సూర్యుడి నుంచి మన చూపు గీతకు లంబం దించితే సైన్ 40°, అంటే 0.643. అది 0.723 కంటే తక్కువ, 0.723 ఏమో 1 కంటే తక్కువ. కాబట్టి చూపు గీత కక్ష్యను రెండు చోట్ల కోస్తుంది. వర్గ సమీకరణం రెండు దూరాలిస్తుంది: 1.097, 0.435. కిలోమీటర్లలో దాదాపు 16.4 కోట్లు, 6.5 కోట్లు. ఆకాశంలో ఒకే చోట, ఒకే కోణంలో కనిపిస్తున్న చుక్క సూర్యుడి అవతలి పక్కన ఉండొచ్చు, ఇవతలికి వచ్చి ఉండొచ్చు. కంటితో చూసి, కోణం ఎంత సూక్ష్మంగా కొలిచినా ఆ ఒక్క కొలతతో ఏదో తేల్చలేం. కొలత నాణ్యత పెంచితే తీరే సమస్య కాదిది, ఇంకో రకం సమాచారం కావాలి.

ఆ సమాచారం దూరదర్శినిలో ఉంది. శుక్రుడి దగ్గర ఏర్పడే కోణం ఒక త్రిభుజంలో 62.8 డిగ్రీలు, రెండోదానిలో 117.2. ఈ కోణమే శుక్ర బింబంలో ఎంత భాగం వెలుగుతూ కనిపిస్తుందో నిర్ణయిస్తుంది: 1కి ఆ కోణపు కొసైన్ కలిపి సగం చేయాలి. మొదటి త్రిభుజంలో బింబం 73 శాతం వెలిగి, చిన్నదిగా కనిపిస్తుంది. రెండోదానిలో 27 శాతం వెలిగి, రెండున్నర రెట్లు వెడల్పున్న నెలవంకలా కనిపిస్తుంది. రెండు శాతాలూ కలిపితే వంద. కోణాలు 180కి కలిసినట్టే వెలుగులు నూటికి కలిశాయి. ఎత్తును మాత్రమే ఎరిగిన సైన్ చెప్పలేని వాలును ఇక్కడ కొసైన్ వెలుగుతో రాసి చూపిస్తోంది.

పట్టికలోని మిగతా గళ్లూ ఆకాశంలో ఉన్నాయి. చూపు గీత కక్ష్యను తాకుతూ పోయే కోణం 46.3 డిగ్రీలు. అప్పుడు శుక్రుడి దగ్గర లంబకోణం, బింబం సగం వెలుగు, త్రిభుజం ఒక్కటే. ఆ కోణం దాటితే త్రిభుజం లేదు. శుక్రుడు ఎప్పుడూ సూర్యోదయానికి ముందో, సూర్యాస్తమయం తర్వాతో కనిపించే వేగుచుక్కగా, సందెచుక్కగా ఉండిపోవడానికి, నడిరాత్రి నడినెత్తిన కనిపించకపోవడానికి కారణం ఇదే. అంగారకుడి సంగతి వేరు. సూర్యుడి నుంచి అతని సగటు దూరం 1.52, మన దూరం కంటే ఎక్కువ. చాపం ఏని దాటిపోయిన సందర్భం అది. ఏ కోణంలో కనిపించినా త్రిభుజం ఒక్కటే, నడిరాత్రి నడినెత్తినా కనిపిస్తాడు.

స్పర్శరేఖ దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి పాఠాల్లో దాదాపు మాట్లాడరు. కాగితం మీది త్రిభుజంలో బీసీ 4 అయితే బి 90 డిగ్రీలు. బీసీని అర మిల్లీమీటరు పెంచి 4.05 చేస్తే బి 81 డిగ్రీలకు పడిపోతుంది, లేదా 99కి ఎక్కుతుంది. పెన్సిలు మొన మందమంత తేడాకు తొమ్మిది డిగ్రీలు. సైన్ తన శిఖరం దగ్గర దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి, దాని విలువలో ఇసుమంత మార్పు కోణంలో పెద్ద మార్పుగా తేలుతుంది. శుక్రుడి విషయంలోనూ అంతే. కోణం 46.3 ఉన్నప్పుడు దూరం 10.3 కోట్ల కిలోమీటర్లు. కోణం 45 డిగ్రీలకు తగ్గితే, అంటే 1.3 డిగ్రీల తేడాకే, దూరం 12.8 కోట్లో, 8.3 కోట్లో అవుతుంది. ఆ రోజుల్లో శుక్రుడు సూర్యుడి నుంచి జరగకుండా నిలిచిపోయినట్టు కనిపిస్తాడు. నిజానికి అప్పుడే మన వైపు వేగంగా వస్తుంటాడు, లేదా దూరమవుతుంటాడు.

1610 శరదృతువులో గెలీలియో తన దూరదర్శినిని శుక్రుడి మీదికి తిప్పినప్పుడు బింబం చిన్నదిగా, దాదాపు నిండుగా ఉంది. డిసెంబరు నాటికి సగమైంది, ఆ తర్వాత నెలవంకగా సన్నబడుతూ పెద్దదైంది. అవతలి త్రిభుజం నుంచి లంబకోణం మీదుగా ఇవతలి త్రిభుజంలోకి శుక్రుడు దాటడాన్ని ఆయన వరసగా చూశాడు. భూమిని మధ్యలో పెట్టిన టాలమీ అమరికలో కూడా చూపు గీత శుక్రుడు తిరిగే చిన్న వృత్తాన్ని రెండు చోట్ల కోస్తుంది. కానీ ఆ వృత్తం మొత్తం సూర్యుడికి ఇవతలే ఉంటుంది కాబట్టి రెండు చోట్లా నెలవంకే కనిపించాలి, సగానికి మించి వెలుగు రాకూడదు. ముప్పాతిక వెలిగిన శుక్రుడు కనిపించడంతో ఆ అమరిక నిలవలేదు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయన్న టైకో బ్రాహే అమరికలో మాత్రం ఈ త్రిభుజాలు యథాతథంగా వస్తాయి, కాబట్టి శుక్రుడి కళలు ఒక్కటే, సూర్యుణ్ని మధ్యలో పెట్టిన కోపర్నికస్‌ను గెలిపించలేవు.

సందెచుక్కగా శుక్రుడు సూర్యుడి నుంచి గరిష్ఠ కోణానికి చేరిన సాయంత్రం నుంచి, ఇవతలి త్రిభుజంలో ప్రయాణించి, సూర్యుడి పక్కగా దాటి, వేగుచుక్కగా మళ్లీ గరిష్ఠ కోణానికి చేరడానికి సుమారు 142 రోజులు పడుతుంది. అవతలి త్రిభుజంలోంచి తిరిగి సాయంత్రపు ఆకాశానికి చేరడానికి సుమారు 442 రోజులు. రెండూ కలిపితే 584. ఆ 142 రోజుల మొదటి సగంలో, పడమటి ఆకాశంలో చుక్క రోజురోజుకూ కిందికి దిగుతున్నప్పుడు, ఒక చిన్న దూరదర్శిని లేదా మంచి బైనాక్యులర్ చాలు. నెలవంక కొమ్ములు కనిపిస్తే అది 117 డిగ్రీల వైపు త్రిభుజం.